చిక్కులో దాగిన రూపము

భాషాపండితుడనైన నన్ను మిక్కిలి ఆకర్షించిన శాస్త్రకథ యొకటి కలదు.

ప్లాస్టిక్కుల అణువులు పొడవైన గొలుసులు. వేలకొలది చిన్న భాగములు వరుసగా కూడి ఒక గొలుసగును. కరిగిన ప్లాస్టిక్కులో ఈ గొలుసులు చిక్కుపడిన నూలువలె నుండును. వానిలో నొకదాని రూపమెట్టిది?

అది గమ్యము లేక తిరుగువాని అడుగుజాడవలె మెలికలు పడియుండుననియు, గొలుసు పొడవు నాలుగింతలైనను దాని చుట్ట వెడల్పు రెండింతలే యగుననియు అమెరికా శాస్త్రజ్ఞుడు పాల్ ఫ్లోరీ 1950 ప్రాంతమున తర్కించెను. కాదు, గొలుసులు కట్టలుగా నమరి యుండునని కొంద రనిరి. అన్నియు నొక్కతీరుననే యుండగా, ఒక్కదానిని వేరుగా గుర్తించుటెట్లు?

నేను ప్రధానోపాధ్యాయుడనై యున్నపుడు, ప్రార్థనాసమయమున వందలాది తెల్లచొక్కాల నడుమ నున్న ఒక్క ఎఱ్ఱచొక్కాను దూరమునుండియే పోల్చుకొనెడివాడను. శాస్త్రజ్ఞులును అట్టి ఉపాయమునే పన్నిరి. కొన్ని గొలుసులలో హైడ్రోజనుకు బదులు దానికంటె బరువైన డ్యుటీరియమును చేర్చిరి. గొలుసు స్వభావము దాదాపు మారలేదు. కాని న్యూట్రానులు ఆ రెంటివలన వేర్వేరుగా చెదరును. 1970 తరువాత ఫ్రాన్సు, జర్మనీ దేశములలో పరమాణు రియాక్టరులనుండి వెడలిన న్యూట్రానులను ప్రయోగించి, అవి చెదరిన కోణములనుబట్టి గొలుసు పరిమాణమును లెక్కించిరి. ఫ్లోరీ మాటయే నిలిచెను. 1974లో ఆయనకు రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను.

బాలలారా! ఇరువదేండ్లు ఆ ఊహ ఋజువుకై వేచియుండెను. వాదము లెన్ని సాగినను, తుదకు తీర్పు చెప్పవలసినది ప్రయోగమే.