బస్సెక్కిన గ్లీ క్లబ్

అమెరికా కాలేజీల్లో కుర్రాళ్ల క్వయర్‌ను సంప్రదాయంగా గ్లీ క్లబ్ అంటారు. 1858లో హార్వర్డ్‌లో మొదలైన బృందం వాటన్నిటిలోకీ పాతది. వసంతకాలపు సెలవులు రాగానే ఇలాంటి బృందాలు బస్సు మాట్లాడుకుని ఊరూరా పాడుతూ వెళ్తాయి. ఈ పర్యటనల చరిత్రలో నల్లజాతి కాలేజీలది ప్రత్యేకమైన అధ్యాయం. పాట వాటికి చదువును నిలబెట్టిన ఆధారం.

ఆ దారి వేసింది నాష్‌విల్‌లోని ఫిస్క్ విద్యాసంస్థ. బానిసత్వం నుంచి బయటపడ్డవారి కోసం 1866లో తెరిచిన ఆ బడి అయిదేళ్లకే అప్పుల్లో కూరుకుపోయింది. 1871 అక్టోబరులో దాని కోశాధికారి జార్జ్ వైట్ తొమ్మిదిమంది విద్యార్థినీ విద్యార్థులను వెంటబెట్టుకుని చందాల కోసం ఉత్తరాదికి బయల్దేరాడు. దారిలో హోటళ్లు గది ఇవ్వలేదు. మొదట్లో వినేవాళ్లూ అంతంతమాత్రమే. తమ పెద్దలు బానిసలుగా ఉన్నప్పుడు పాడుకున్న భక్తిగీతాలు, అంటే స్పిరిచువల్స్, ఎత్తుకున్నాక సభలు నిండాయి. ఆ డబ్బుతో కట్టిన జూబిలీ హాల్ 1876లో పూర్తయింది.

అట్లాంటాలోని మోర్‌హౌస్ కూడా నల్లజాతి కాలేజీయే, మగపిల్లలది. మార్టిన్ లూథర్ కింగ్ చదివింది అక్కడే. 1968లో ఆయన అంత్యక్రియల్లో పాడింది ఆ కాలేజీ గ్లీ క్లబ్బే. దాన్ని 1911లో కెంపర్ హారెల్డ్ స్థాపించాడు. 1953లో వెండెల్ వేలమ్, 1987లో డేవిడ్ మారో దాన్ని నడిపే బాధ్యత అందుకున్నారు. మొదటి నూరేళ్లలో గురువులు ముగ్గురే. వేలమ్, మారో ఇద్దరూ మోర్‌హౌస్ పూర్వ విద్యార్థులే. అరుదైన గురుశిష్య పరంపర ఇది.

1964లో పౌరహక్కుల చట్టం వచ్చేదాకా దక్షిణాదిలో నల్లవారికి ప్రయాణమంటేనే గండం. తిండి దొరకని ఊళ్లు, మరుగుదొడ్డి వాడనివ్వని పెట్రోలు బంకులు. ఎక్కడ ఆగితే ప్రమాదం లేదో చెప్పడానికి విక్టర్ గ్రీన్ అనే తపాలా ఉద్యోగి 1936 నుంచి గ్రీన్ బుక్ ప్రచురించాల్సి వచ్చింది. అలాంటి రోజుల్లో నల్లజాతి గాయకులకు దిక్కు చర్చీలు, పూర్వ విద్యార్థుల ఇళ్లు. ఏ ఊళ్లో పాడాలన్నది చాలావరకు ఏ ఊళ్లో తల దాచుకోవచ్చన్నదాన్ని బట్టే తేలేది.

ఇప్పుడు బస్సు దారిని నిర్ణయించేది డ్రైవరు పనిగంటల చట్టం. వరుసగా ఎనిమిది గంటల విశ్రాంతి తర్వాత డ్రైవరు పది గంటలకు మించి నడపకూడదు. దానికి తగ్గట్టే ఊళ్లను కూరుస్తారు. బస్సులో అసలు శత్రువు ఇంజను హోరు. ఆ హోరు మీద మాట్లాడాలంటే తెలియకుండానే గొంతు పెంచుతారు. నాలుగు గంటల కబుర్లు చాలు, సాయంత్రానికి గొంతు బొంగురుపోతుంది. ఏసీ గాలి గొంతును ఇంకా ఆరబెడుతుంది. అందుకే కచేరీ రోజున తక్కువ మాట్లాడమని, నీళ్లు తాగుతూ ఉండమని గురువులు పట్టుబడతారు. గుసగుసలు కూడా గొంతుకు శ్రమే.

దిగగానే ముందు చేసే పని హాలును వినడం. రాతిగోడల చర్చిలో స్వరం రెండు మూడు సెకన్లు తేలుతుంది, అక్కడ నడక నెమ్మదించాలి, పదాల చివరి హల్లులు అందరూ ఒక్కసారే పలకాలి. తివాచీ పరిచిన హాల్లో స్వరం నోరు దాటగానే చస్తుంది, ఒకరికొకరు వినిపించక శ్రుతి జారుతుంది. తంబురా లేదు, మైకు లేదు. ఫస్ట్ టెనార్, సెకండ్ టెనార్, బారిటోన్, బాస్ అనే నాలుగు వరుసలు ఒకదాన్నొకటి ఆధారం చేసుకోవాలి. పక్కవాడిని వినగలిగితేనే నిలబడే విద్య అది. పరిచయం లేని హాల్లో దాన్ని రాత్రికి రాత్రి సాధించడమే పర్యటన నేర్పే పాఠం. సొంత రిహార్సల్ గదిలో అది ఎన్నేళ్లకూ అబ్బదు.

కచేరీలో లాటిన్ పాటలు, స్పిరిచువల్స్ కలిసి సాగుతాయి. మోర్‌హౌస్ వారి క్రిస్మస్ పాట ‘బెతెలెహేము’ యోరుబా భాషలోది. నైజీరియా నుంచి 1950లో అక్కడికి చదువుకోవడానికి వచ్చిన బాబాతుండే ఒలాతుంజీ దాన్ని అందించాడు, వేలమ్ మగ గొంతులకు కూర్చాడు. డప్పుల మోతతో అందరూ ఊగుతూ పాడే ఆ పాట ఇప్పుడు ఎన్నో క్వయర్లకు చేరింది. 1972లో ఈ బృందమే ఆఫ్రికా పర్యటనకు వెళ్లింది.

పాట అయ్యాక చాలా బృందాల్లో కుర్రాళ్లు జంటలుగా ఆతిథ్యమిచ్చే ఇళ్లకు వెళ్తారు. పొద్దున్నే టిఫిన్ పెట్టి, మధ్యాహ్నానికి పొట్లం కట్టిచ్చి బస్సు దగ్గర దింపుతారు ఆ ఇంటివాళ్లు. పూర్వ విద్యార్థి ఇల్లయితే, చేరబోయే ఉద్యోగానికి సలహా కూడా దొరుకుతుంది.

పర్యటన చివర సొంత కాలేజీలో అదే కచేరీ మళ్లీ జరుగుతుంది. మే నెలలో ఆఖరి ఏడాది వాళ్లు పట్టాలు పుచ్చుకుని వెళ్లిపోతారు. ఆగస్టులో ఖాళీ అయిన వరుసల కోసం కొత్తవాళ్లకు పరీక్ష పెడతారు. బారిటోన్లు కావలసినంతమంది వస్తారు, తారస్థాయి అందుకునే ఫస్ట్ టెనార్లనే వెతుక్కోవాలి.