చౌకకాలపు పరీక్ష

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్బీ నగర్ వఱకు గల రాజమార్గమున నడచువారికి మెల్లదన మనునది యొకటి లోకమున గలదని తోచదు. ఇరుప్రక్కల శిక్షణాలయములు, వాని గోడలపై పిల్లల ముఖములు, ముఖముల క్రింద ర్యాంకులు, నడినెత్తిన 2018 సెప్టెంబరు 24 మొదలు పరుగిడుచున్న మెట్రో బండి. ఇట్టి వీధికి చేరువనున్న మా యింట గడచిన వేసవిలో ఒక మెల్లని పాటను గూర్చి వివాదము నడచినది. అందు ఓడినవారము మేమే. ఆ యోటమి వలన మాకు కలిగిన లాభమును పాఠకులతో పంచుకొనుట యుచితమని తలచితిమి.

మా అమ్మాయి ఇంటరు ముగించి, ఇంజనీరింగు వలదని, చెన్నపట్టణమున నొక సంగీత విద్యాలయమున పియానో నేర్వగోరినది. విదేశీ వాద్యము మనకేల యని బంధువు లడిగిరి. వయొలిను మాత్ర మెక్కడిదని మేము బదులు పలికితిమి. ఆ పాశ్చాత్య వాద్యమును అభ్యసించి కర్ణాటక సంగీతమున నెలకొల్పినవారిలో ఆద్యులు బాలుస్వామి దీక్షితులు (1786-1858). ద్వారం వెంకటస్వామినాయుడుగారి (1893-1964) చేతిలో అది తెలుగువారి సొత్తయినది. ఇట్లు వాదించి, బిడ్డకు స్వేచ్ఛ యిచ్చితిమని కొంత గర్వించితిమి కూడ.

ప్రవేశ పరీక్షలో వేగముగ నడచు కృతి యొకటియు, పదునెనిమిదవ శతాబ్దపు శైలికి చెందిన సొనాటానుండి మందగతిని సాగు భాగ మొకటియు వాయింపవలెను. సొనాటా యనగా సాధారణముగ మూడు నాలుగు అంగములు గల వాద్యకృతి. నడిమి యంగము తఱచు మెల్లనిది. చిక్కంతయు ఈ నడిమి యంగమును ఎన్నుకొనుటలో వచ్చినది.

మేము బీథోవెను కృతిని కోరితిమి. 1799లో అచ్చయిన 'పతెతీక్' సొనాటాలోని అడాజియో అది, పేరుగలది, గంభీరమైనది. అమ్మాయి మొజార్టు సి మేజరు సొనాటాలోని అందాంతేను కోరినది. దాని చరిత్ర విచారింపగా, 1788 జూన్ 26వ తేదీన మొజార్టు తన కృతుల పట్టికలో దానిని ప్రారంభకుల కొఱకు చేసిన చిన్న సొనాటా యని తానే వ్రాసికొనినట్లు తెలిసినది. "పరీక్షకులకు పెద్దబాలశిక్ష అప్పగిస్తావా?" యని పరిహసించితిమి.

"నాన్నా, బీథోవెన్‌ది నేను వాయించగలను. పాడించలేను," అనినది అమ్మాయి.

ఆ మాటకు అర్థమును గురువుగారు వివరించిరి. ఆ అడాజియోలో గీతమును, దాని క్రింద మెదలు చిన్నస్వరములను తఱచు కుడిచేయి యొక్కటియే మోయవలెను. చిటికెనవ్రేలు పాడుచుండగా బొటనవ్రేలు గుసగుసలాడవలెను. ఒకే చేతి వ్రేళ్లకు వేర్వేరు బరువు లిచ్చుట కొన్నేండ్ల సాధన. మా యింటనున్నదో, 61 మెట్ల ఎలక్ట్రానిక్ కీబోర్డు. మొజార్టు నాటి పియానోకును ఐదు స్థాయులే, దాదాపు అన్నియే మెట్లు. కావున సంఖ్యకు లోపము లేదు. కాని మా కీబోర్డు మెట్లకు బరువు లేదు. చవుకగ వచ్చినదని దానిని కొని తెచ్చినవారము మేమే.

మా తల్లిగారు బాల్యమున వీణ నేర్చినవారు. ఈ వాదమును మూల కూర్చుండి వినుచున్న యామె మనుమరాలిని పిలిచి, "వీణ మీద తీగ మీటాక లాగి గమకం పలికిస్తాం. దీని మీద మీటాక ఇంకేం చేస్తారే?" యని యడిగిరి.

"ఏమీ చెయ్యలేం నాయనమ్మా. వింటాం."

నిజమే. పియానోలో సుత్తి తీగను తాకి వెనుదిరుగును. ఆపై స్వరము క్షీణించుటయే గాని పెరుగుట లేదు. తొలిస్వరము క్షీణించి ఏ మట్టమున నున్నదో విని, మలిస్వరమును ఆ మట్టముననే కలిపినప్పుడు పాట తెగక సాగినట్లు తోచును. వేగమున ఈ యతుకు దాగును, చౌకమున దాగదు.

"అయితే చౌకకాలం ఎక్కడైనా ఒకటే. దానికి తెలిసిందే వాయించనీ," అనిరి మా తల్లిగారు.

ఆ మాట మమ్ము గ్రుచ్చినది. మేము కోరినది బిడ్డ చేతికి తగిన పాట గాదు, మా పేరుకు తగిన పాట. వీధిలోని ర్యాంకుల ఫలకములను చూచి నవ్వు మేము, మా యింటనే యొక ఫలకము కట్టబూనితిమి. పిమ్మట ఆ పట్టికను గూర్చి మరల చదువగా, మొజార్టు అదే తేదీ క్రింద ఒక మహా సింఫొనీని కూడ చేర్చెనని తెలిసినది. చిన్నదని వ్రాసికొనెనే గాని చిన్నచూపు చూడలేదు.

అందాంతే యను ఇటలీ మాటకు నడచుచున్న దని యర్థము. మన సంగీతమునను నడక యను మాట గలదు. అమ్మాయి తెల్లవాఱుజామున సరూర్‌నగర్ చెఱువు ప్రక్కన నడచుచు, ఆ పాటను కూనిరాగముగ తీయుచు, తన యడుగులతో దాని గతిని కుదుర్చుకొనినది. అందు ఎడమచేయి తంబురవలె ఎడతెగక మెదలుచుండ కుడిచేయి పాడును. నడుమ జి మేజరు ప్రసన్నత జి మైనరులోనికి దిగి మరల తేఱుకొనును.

ఆదివారములందు మెట్రోలో, నడుమ బండి మారి, సికింద్రాబాదున పరిచితుల యింటనున్న నిజమైన పియానో యొద్దకు పోవుచుంటిమి. తొలినాడు మెట్ల బరువునకు వ్రేళ్లు తడబడి, మెల్లగ తాకిన స్వరములలో సగము పలుకనే లేదు. తిరుగుబండిలో ఎల్బీ నగర్ వఱకు ఆమె మాటాడలేదు. కొనిచ్చిన మేమును మాటాడలేకపోతిమి. ఆఱవ యాదివారమున ప్రక్కగదిలో కూర్చుండి వింటిమి. పాట ముగిసిన పిదప కొంతసేపు లేవలేదు.

పరీక్ష జరిగినది, ఫలితము రావలసియున్నది. వచ్చినను రాకున్నను, అమ్మాయి వాయించినది తన పాటనే. బిడ్డలకు త్రోవ విడిచితిమని తృప్తిపడు మావంటి తలిదండ్రులకు ఒక్క విన్నపము: త్రోవతో పాటు నడకను కూడ వారికే విడువుడు.