కుండెడు చన్నీళ్ళు

నా ఎడమ ముంజేతి మీద అరచేతి వెడల్పున ఒక మచ్చ ఉన్నది. అది బెల్లపు పాకం వేసిన ముద్ర. దానిని చూసినప్పుడల్లా శారదానది ఒడ్డున ఉన్న మా చెరకు తోట, తోట నడుమ గానుగ, గానుగ ప్రక్కన నిలుచున్న మా నాయనమ్మ నాకు గుర్తుకు వస్తారు.

అనకాపల్లి అనగానే తెలుగువారికి బెల్లం తలపునకు వస్తుంది. దేశంలోని పెద్ద బెల్లపు విపణులలో ఒకటిగా అది పేరు పొందింది. 1913లోనే అక్కడ చెరకు పరిశోధన కేంద్రం ఏర్పడింది. అయితే ఆ తీపి వెనుక ఉన్న నిప్పును గురించి బయటివారికి అంతగా తెలియదు. గానుగాడిన రసాన్ని వెడల్పాటి పెనంలో పోసి, ఎండిన చెరకు పిప్పిని పొయ్యిలోకి ఎగదోస్తూ గంటల తరబడి కాస్తారు. మడ్డి విరగడానికి కొద్దిగా సున్నం కలుపుతారు. రసం చిక్కబడి పాకానికి వచ్చే వేళకు దాని వేడి, నీరు మరిగే వేడిని దాటి సుమారు 115 డిగ్రీలకు చేరుతుంది. మరిగిన నీరు ఒంటి మీద పడితే జారిపోతుంది. పాకం అట్లా జారదు. చర్మానికి అంటుకొని, తాను చల్లారేదాకా కాలుస్తూనే ఉంటుంది.

అప్పుడు నాకు పదేళ్ళు. సంక్రాంతి సెలవులలో పిల్లలమందరం వేడి బెల్లం కోసం పెనం చుట్టూ మూగి ఉన్నాము. తెడ్డుతో పాకాన్ని కలుపుతుండగా అది ఎగసి వచ్చి నా ముంజేతి మీద పడింది. కేక పెట్టి నూతి వైపు పరుగెత్తబోయాను. ఒక పెద్దమనిషి నన్ను పట్టి ఆపాడు. “నీళ్ళు తగలనివ్వకండి, బొబ్బలెక్కుతాయి!” అని నలుగురూ అరిచారు. అది మా ప్రాంతంలో అందరూ నమ్మిన మాటే. నాలుగు అడుగుల దూరంలో నుయ్యి ఉండగా, నా చేయి అట్లా కాలుతూనే ఉండిపోయింది.

ఇంతలో నాయనమ్మ వచ్చింది. ఊరిలో ఎవరికి ఒళ్ళు కాలినా ఆమె వద్దకే వచ్చేవారు. సున్నపు తేటను, కొబ్బరినూనెను సమంగా పోసి గిలకొట్టి, వెన్న వంటి తెల్లని లేపనాన్ని ఆమె తయారుచేసేది. దానినే కోడి ఈకతో నా చేతికి పూసింది. మంట కొంత తగ్గినట్లే అనిపించింది. కాని నాలుగవ నాటికి చేయి వాచింది. పుండు చీము పట్టింది. ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. నాన్న నన్ను సైకిలు మీద కూర్చోబెట్టుకొని పట్టణానికి తీసుకుపోయాడు. నాయనమ్మ వెనుకనే నడిచి వచ్చింది.

వైద్యుడు పుండు కడిగి కట్టు కట్టేదాకా ఆమె గుమ్మం వద్దనే నిలబడింది. తరువాత మెల్లగా అడిగింది: “నా మందే పిల్లాడి చేయి పాడుచేసిందా బాబూ?”

ఆయన కసరలేదు. “మందు కంటే ముందు చేయవలసిన పని ఒకటి ఉన్నదమ్మా. కాలిన వెంటనే చల్లని నీళ్ళు పోయాలి. లోపలి వేడి చల్లారకుండా పైన ఎన్ని పూసినా లాభం లేదు. ఇంత లోతుగా కాలినప్పుడు ఇంట్లో కలిపిన నూనె పూస్తే, దానితో పాటు క్రిములు కూడా చేరతాయి. వరుస తప్పింది, అంతే” అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె దారి పొడుగునా మాట్లాడలేదు. మరుసటి సంవత్సరం బెల్లం వండే రోజులు వచ్చాయి. పొయ్యి వెలిగించడానికి ముందే నాయనమ్మ కుండెడు చన్నీళ్ళు తెచ్చి పెనం ప్రక్కన పెట్టింది. వద్దన్నవారితో “ముందు నీళ్ళు, తరువాతే నేను” అన్నది. అక్షరం రాని ఆమె, ఊరంతా నమ్మిన మాటను, తన చేతివాటాన్ని తానే దిద్దుకొన్నది. ఆ కుండ విలువ నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు.

పెద్దవాడనయ్యాక వైద్య చరిత్ర చదువుతుంటే నాయనమ్మ లేపనం వంటిదే స్కాట్లండులో కనిపించింది. అక్కడి కారన్ ఇనుప కర్మాగారంలో ఒళ్ళు కాలిన కార్మికులకు సున్నపు తేటను, అవిసె నూనెను కలిపి పూసేవారట. దానికి కారన్ నూనె అనే పేరు వచ్చింది. ఒకప్పుడు వైద్యులు కూడా వాడిన ఆ నూనెను తరువాతి కాలం విడిచిపెట్టింది. నిప్పుతో పనిచేసే చోటనెల్లా మనిషి ఏదో ఒక లేపనాన్ని వెదుకుకొన్నాడు.

మన సుశ్రుతుడు కాలిన గాయాలను ప్లుష్టం, దుర్దగ్ధం, సమ్యగ్దగ్ధం, అతిదగ్ధం అని నాలుగు విధాలుగా విభజించాడు. గాయపు లోతును బట్టి చికిత్స మారాలన్న ఆ ఆలోచన నేటికీ సత్యమే. అయితే స్వల్పంగా కాలినచోట కాపడం పెట్టాలన్న మాట కూడా ఆ గ్రంథంలోనే ఉన్నది. దానిని నేటి వైద్యం అంగీకరించదు. ఒకే గ్రంథంలో నిలిచిన మాట, నిలువని మాట ప్రక్క ప్రక్కనే ఉన్నాయి.

చైనా దేశం కూడా ఇటువంటి లేపనాలకు ప్రసిద్ధి చెందినది. చెరకు విషయంలో ఆ దేశానికి మనతో పాత బంధమే ఉన్నది. క్రీ.శ. 647లో టాంగ్ చక్రవర్తి మగధకు మనుషులను పంపి చక్కెర తయారీని నేర్చుకొని రమ్మన్నాడని వారి చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. కాలిన గాయాలకు అక్కడివారు నువ్వుల నూనెలో మూలికలను కాచి, తేనెమైనం కలిపి లేపనం చేస్తారు. ఆ మూలికలలో కొన్నింటి వేళ్ళు, బెరడు పచ్చగా ఉంటాయి. ఆ పసుపు రంగు బెర్బెరిన్ అనే పదార్థానిది. మన మానుపసుపులో ఉన్నది కూడా అదే. దేశాలు వేరైనా చేతులు వెదికినది ఒకటే.

వెదికినదంతా మేలు చేస్తుందని మాత్రం అనుకోరాదు. 1999లో లండనులో వైద్యులు చర్మవ్యాధులకు అమ్ముతున్న 11 చైనా మూలికా లేపనాలను పరీక్షించినట్లు ప్రకటించారు. వాటిలో 8 లేపనాలలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు బయటపడింది. వాడినవారికి ఆ సంగతి తెలియదు. మరొక ప్రక్క, అదే చైనాలో తు యూయూ అనే శాస్త్రవేత్త పాత వైద్యగ్రంథంలోని ఒక సూచనను పట్టుకొని, ప్రయోగశాలలో పరీక్షించి, మలేరియాకు ఆర్టెమిసినిన్ అనే మందును కనుగొన్నది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి లభించింది. మొదటిచోట సంప్రదాయం పేరు మాత్రమే వాడుకొన్నారు. రెండవచోట సంప్రదాయాన్ని పరీక్షకు నిలబెట్టారు. దానిని నిజంగా గౌరవించినది రెండవవారే.

నేటి వైద్యం చెప్పే వరుస సులభమైనదే. కాలిన వెంటనే ఆ భాగాన్ని ధారగా పడే చల్లని నీటి క్రింద 20 నిమిషాలు ఉంచాలి. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీసివేయాలి. మంచుగడ్డ, సిరా, పసుపు, పళ్ళు తోముకొనే పేస్టు పూయరాదు. బొబ్బలను చిదుమరాదు. శుభ్రమైన గుడ్డ కప్పాలి. గాయం లోతైనదైనా, ముఖానికో కీళ్ళకో తగిలినా, కాలినది పసిపిల్లలకైనా ఆలస్యం చేయక 108కి ఫోను చేయాలి. పైపైన కమిలిన చిన్న గాయానికి, అదీ చల్లారిన తరువాత, కలబంద గుజ్జు వంటిది ఉపశమనం ఇవ్వవచ్చు.

మొన్నీమధ్య మా మనుమరాలి చేతి మీద వేడి టీ ఒలికింది. నేను ఆమెను ఎత్తుకొని కుళాయి వద్దకు పరుగెత్తాను. గడియారం చూస్తూ ఇరవై నిమిషాలూ ఆ చిట్టి చేతిని నీటి క్రింద పట్టుకొన్నాను. బొబ్బ రాలేదు, మచ్చా మిగలలేదు. ఏడుపు మానిన పిల్ల నా ముంజేతి మీది మచ్చను తడిమి, “తాతా, నీకప్పుడు నీళ్ళు పోయలేదా?” అని అడిగింది.

“అప్పటికి మాకు తెలియదమ్మా. తెలిశాక మా నాయనమ్మ కుండ పెట్టింది” అన్నాను.