మువక్కిల్ రాలేదు

మా ఇళ్లల్లో దాన్ని మంత్రం అనరు. 'అమల్' అంటారు. చేసేవాడు ఆమిల్. అల్లా పేర్లలో ఒకదాన్ని పట్టుకుని, లెక్క ప్రకారం, రోజుల తరబడి చదవాలి. చదవగా చదవగా ఆ పేరుకు కాపలా ఉండే ఫరిష్తా పలుకుతాడని నమ్మకం. అతన్ని మువక్కిల్ అంటారు. తెలుగులో చెప్పాలంటే ఆవాహన. ఈ మాట వినగానే మీలో కొందరికి చేతబడి గుర్తొస్తుంది. మావాళ్లలో కొందరికి షిర్క్ గుర్తొస్తుంది.

2003లో నాకు ఇరవై మూడేళ్లు. బి.ఏ. అయిపోయి ఒక తెలుగు పేపర్లో పనిచేస్తున్నాను. ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం గానీ నాకు చదవడం అంతంతమాత్రం. మువక్కిల్‌ని చూడాలన్న ఆశతో, మసీదు పక్క గదిలో తాయెత్తులు రాసే హజ్రత్ దగ్గరికి వెళ్లాను. ఆయన నవ్వి పలక తెచ్చుకోమన్నారు. అలిఫ్ ఒకటి, బే రెండు, జీమ్ మూడు, దాల్ నాలుగు. ఇది అబ్జద్ లెక్క. బిస్మిల్లా అక్షరాలన్నీ ఇలా కూడితే 786. లారీల మీద మీరు చూసే అంకె అదే. లతీఫ్ అంటే లామ్ 30, తోయ్ 9, యే 10, ఫే 80. మొత్తం 129. రోజూ ఇషా నమాజు తర్వాత 129 సార్లు 'యా లతీఫ్' అనాలి. నలభై రోజులు. అదే చిల్లా.

షరతులు చాలా ఉన్నాయి. గురువు ఇజాజత్ లేకుండా మొదలెట్టకూడదు. వజూ లేకుండా కూర్చోకూడదు. చోటు, వేళ మారకూడదు. మాంసం, చేప, గుడ్డు, తేనె ముట్టకూడదు. అబద్ధం ఆడకూడదు. ఆ రోజుల్లోనే బక్రీద్ వచ్చింది. "పండగపూట కూడా పప్పేనా బేటా?" అని అమ్మీ కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆఫీసులో నా టిఫిన్ డబ్బాలో పప్పు చూసి, "ఏం భాయ్, మాలో కలిసిపోయావా?" అన్నాడొకాయన. సంగతి చెప్పాను. మర్నాటి నుంచి కుర్చీ కాస్త దూరం జరుపుకున్నాడు. ఆయన బల్ల సొరుగులో జపమాల ఉండేది. దాన్నెవరూ చేతబడి అనలేదు. గల్ఫ్ నుంచి వచ్చిన మా కజిన్ ఇంకో వైపు నుంచి అందుకున్నాడు: "ఇది దీన్ కాదు భాయ్, తౌబా చేసుకో."

ఇదంతా నిన్న మొన్నటి పిచ్చి కాదు. ఏలూరులో పుట్టిన జాఫర్ షరీఫ్ 'కానూనె ఇస్లాం' రాస్తే, మద్రాసు ప్రెసిడెన్సీ డాక్టరు హెర్క్‌లాట్స్ ఇంగ్లీషు చేసి 1832లో లండన్‌లో అచ్చువేయించాడు. పేర్ల లెక్కలు, చిల్లా పథ్యాలు, దయ్యం దించడం అన్నీ అందులో ఉన్నాయి. మన తెలుగు నేల తురకల బతుకు అది. అంతకు ముందు, 16వ శతాబ్దంలో, ఆవాహన పద్ధతులన్నీ 'జవాహిరె ఖమ్సా'లో కూర్చిన సూఫీ ముహమ్మద్ గౌస్ గ్వాలియరీ. 'అమృతకుండ' అనే యోగ గ్రంథాన్ని పారశీలోకి తెచ్చింది కూడా ఆయనే. జపానికీ జిక్ర్‌కీ చుట్టరికం ఆయనకు తెలుసు. మనమే మరిచాం.

నలభయ్యో రాత్రి గడిచింది. మువక్కిల్ రాలేదు. హజ్రత్‌కి చెప్పాను. "వచ్చుంటే ఏం అడిగేవాడివి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. కానీ అప్పటికి గోడమీది ఉర్దూ రాతలు తడుముకోకుండా చదువుతున్నాను.

వశీకరణమని, శత్రునాశనమని బీద ఆడవాళ్ల ముక్కుపుడకలు ఊడ్చుకునే ఆమిళ్లు ఉన్నారు. వాళ్లను వెనకేసుకు రాను. ఫిట్స్ వచ్చిన పిల్లవాణ్ని తెస్తే మా హజ్రత్ దువా చదివి, వెంటనే ఆస్పత్రికి పంపేవారు. మా నమ్మకాల్లో తప్పొప్పులు మేం తేల్చుకుంటాం. మీరూ ప్రశ్నించండి. కానీ జపమాలను భక్తి అని, తస్బీని చేతబడి అని పిలిచే తూకం ఎక్కడిదో ముందు చెప్పండి.

మగ్రిబ్ అయ్యాక మా మసీదు మెట్ల దగ్గర పసిపిల్లల్ని ఎత్తుకుని తల్లులు ఇప్పటికీ నిలబడతారు. వాళ్లలో బొట్టు పెట్టుకున్నవాళ్లే ఎక్కువ. నమాజు చేసి బయటికొచ్చినవాళ్లు ఏదో చదివి పిల్లల మొహాల మీద ఊదుతారు. ఏ భాషలో చదివారని ఆ తల్లులు అడగరు.