మీటరు ముల్లు పలికిన సాక్ష్యము

మన విశాఖపట్టణము తిరుగు చక్రములవలన బ్రదుకు పట్టణము. 1933వ సంవత్సరమున తెఱవబడిన మన ఓడరేవునకు వచ్చు ప్రతి యోడ యడుగునను ఒక యినుప దండము తిరుగుచుండును. 1992లో జాతికి అంకితము చేయబడిన మన యుక్కు కర్మాగారమున ఎఱ్ఱగా కాలిన యుక్కును ఒత్తు రోలర్లు తిరుగుచుండును. ఇట్టివి నిమిషమునకు ఎన్ని మాఱులు తిరుగుచున్నవో తెలుపు పరికరమునకు టాకోమీటరని పేరు. గ్రీకు భాషలో ‘తాఖోస్’ అనగా వేగము, ‘మెట్రోన్’ అనగా కొలత. ప్రకటన గ్రంథపు మొదటి వచనములో ‘త్వరలో’ అని మనము చదువుకొను చోట మూలమందున్నది ఈ ‘తాఖోస్’ అను పదమే. జర్మను దేశస్థుడగు ఊల్‌హార్న్ 1817లో ఇట్టి యంత్రమును నిర్మించెను. మన మెకానిక్కులు దీనిని ఆర్.పి.ఎం. మీటరందురు.

మా యెఱుకలోని యొక పెద్దమనుష్యుని యింట ఎం.జి.బి. యను పాత స్పోర్ట్సు కారొకటి కలదు. ఇంగ్లాండులోని అబింగ్‌డన్‌లో 1962 మొదలు 1980 వఱకు తయారైన జాతి యది. నాలుగు సిలిండర్లు, 1,798 ఘన సెంటీమీటర్ల యింజను గలది. ఓడలలో ఉద్యోగము చేసిన వారి యన్నగారు ముచ్చటపడి సంపాదించి, తుదకు తమ్మునికి విడిచిపోయిన వస్తువది. కొంతకాలము క్రిందట దాని టాకోమీటరు ముల్లు పిచ్చి పట్టినట్లు ఆడసాగెను. బండి నిలిచియుండి యింజను మాత్రము మెల్లగా తిరుగుచుండగా, ముల్లు వేయినుండి నాలుగు వేలకు దుమికి, మఱుక్షణమున సున్నకు పడుచుండెను. చూచిన పనివాడొకడు ఇంజను పాడైనదనియు, అంతయు విప్పవలెననియు చెప్పెను. ఆ వ్యయము పింఛను మీద బ్రదుకు వారికి శక్తికి మించినది. బండిని పాత యినుము వానికి అమ్మివేయుటకు నిశ్చయించుకొని, ఆ మాట మాతో చెప్పుచు కన్నీరు పెట్టుకొనిరి. మేము విజ్ఞానశాస్త్రము బోధించువారము గనుక, అమ్మకమునకు మునుపు ఒకమాఱు చూడుమని కోరిరి. పదవ తరగతి బాలుర నిద్దఱిని వెంటబెట్టుకొని పోతిమి.

ఇంజను నడిపింపగా ముల్లు మునుపటివలెనే గంతులు వేసెను. అంతట బాలురలో నొకడు, “మాష్టారూ, ముల్లు ఎగురుచున్నది గాని చప్పుడు మాఱుట లేదే!” అనెను. ఆ మాటలోనే సగము పరిష్కారమున్నది. ఇంజను నిజముగా నాలుగు వేలకు ఎగసిన యెడల వీధి చివఱి వఱకు వినబడవలదా? మోషే ధర్మశాస్త్రము ఒక్క సాక్షి మాటపై ఎవ్వరిని దోషిగా తీర్చరాదనుచున్నది. కావున రెండవ సాక్షిని పిలిచితిమి. ఒక వర్కుషాపు నుండి పరీక్షించు మీటరును తెచ్చి ఇగ్నిషన్ కాయిలునకు తగిలించితిమి. అది ఎనిమిది వందల యేబదికి అటునిటు నిలుకడగా నిలిచెను. దోషము ఇంజనులో లేదు, సాక్షిలో నున్నది!

ఈ మీటరు పనిచేయు తీరు తెలిసిననే గాని పై మెట్టు ఎక్కజాలము. పూర్వపు కార్లలో ఇంజను నుండి మీటరునకు ఒక కేబులు తిరుగుచు పోయెడిది. ఈ ఎం.జి.బి.లో అట్లుగాక, కాయిలునకు పోవు విద్యుత్తు తెగినప్పుడెల్ల మీటరు ఒక లెక్క వేసికొనును. నాలుగు సిలిండర్ల యింజను ఒకమాఱు తిరుగునప్పటికి రెండు నిప్పురవ్వలు పుట్టును. నిమిషమునకు మూడు వేల మాఱులు తిరిగిన ఆరు వేల రవ్వలు, అనగా సెకనునకు నూఱు. ఇట్టి లెక్క తప్పుటకు కారణములు నాలుగు: రవ్వలు పుట్టించు భాగములు చెడుట, మీటరునకు విద్యుత్తు చాలకుండుట, ఎర్తు చెడుట, మీటరే చెడుట. ఇందు చివఱిదానిని చివఱనే ముట్టవలెను. ఏలయన అది మిక్కిలి సుకుమారమైనది.

పాయింట్లు గాని కండెన్సరు గాని చెడియుండిన రెండవ మీటరు కూడ తడబడవలసినదే. అయినను పాయింట్ల యెడము కొలిచితిమి, 0.015 అంగుళము, సరిగానే యున్నది. మీటరునకు వచ్చు విద్యుత్తు 12 వోల్టులకు తక్కువ లేదు. ఇక మిగిలినది ఎర్తు. మోటారుకారులో విద్యుత్తు బాటరీకి తిరిగిపోవుటకు వేఱు తీగ లేదు. బండి యినుప దేహమే ఆ దారి. మీటరు పెట్టెకును బండి దేహమునకును నడుమ వోల్టులు దాదాపు సున్న యుండవలెను. ఇచ్చట ఒక వోల్టునకు మించి కనబడెను. దీపములు వెలిగింపగా ఇంకను పెరిగెను. దారి మూసికొనిపోయిన దన్నమాట. మీటరు పెట్టె నుండి బాటరీ ఎర్తు కొనకు ఒక తీగను తాత్కాలికముగా కలిపితిమి. ముల్లు నిలిచెను! తీగ తీసివేసితిమి, మరల గంతులు వేసెను. కలుపుచు తీయుచు మూడు మాఱులు చూచితిమి. ఇట్లు రెండు వైపుల పరీక్షించిన గాని కారణము రుజువు కాదని బాలురకు చెప్పితిమి.

పిమ్మట బాటరీ తీగను విప్పి, ఎర్తు తీగ బిగించిన చోటు చూడగా మరక్రింద ఇనుమునకు తుప్పును, రాగికి చిలుమును పట్టియుండెను. ఇది మన సముద్రపు ఉప్పుగాలి చేసిన పని. ఉప్పు తేమ తగిలి రెండు లోహములు కలిసియున్న చోట ఇనుము త్వరగా క్షయించును. గరుకు కాగితముతో రుద్ది లోహము మెఱయునట్లు చేసి, బిగించి, పైన వేసలీను పూసితిమి. ఒక జాగ్రత్త మాత్రము చెప్పవలెను. 1967కు పూర్వపు ఎం.జి.బి.లలో బాటరీ ధనధ్రువమే దేహమునకు కలుపబడి యుండెను. ఆ సంగతి చూడక తీగలు తారుమాఱు చేసినవాడు మీటరును కాల్చివేయును.

బండి అమ్ముడుపోలేదు. అయిన వ్యయము జానెడు గరుకు కాగితము.

విద్యార్థులారా, సహోపాధ్యాయులారా! పాఠశాలలో మా చేతనున్న ముల్లు మార్కుల పట్టిక. ఒక బాలుని మార్కులు ఒక్కసారిగా సున్నవైపు పడినప్పుడు, వాని బుద్ధియే చెడినదని తీర్పు చెప్పుట మిక్కిలి సులభము. వానికి నల్లబల్ల కనబడుచున్నదో లేదో చూచితిమా? తెల్లవాఱకమునుపే తల్లితో చేపలరేవునకు పోయి, గంప మోసి, ఆకలితో తరగతికి వచ్చుచున్నాడేమో యడిగితిమా? ఇంజను విప్పుటకు మునుపు ఎర్తు చూడవలెను. మనుష్యుని విషయమున ఇది మఱింత నిజము. ఏలయన పాత యినుము క్రింద పోయిన బండికి బదులు మఱియొక బండి దొరకవచ్చును గాని, చదువు మానిపింపబడిన బిడ్డకు ఆ సంవత్సరములు మరల దొరకవు.