చెన్నపట్నం నుండి పళవేర్కాడు వరకు

పుస్తకంలో చదివిన విషయాన్ని కన్నులారా చూడగలగడం విద్యార్థికి లభించే అదృష్టాలలో ఒకటి. తిరుపతిలో సివిల్ ఇంజనీరింగ్ మూడవ సంవత్సరం చదువుతున్న మాకు ఈ ఏడు సముద్రతీర నిర్మాణాలు ఒక పాఠ్యాంశంగా ఉన్నది. శని, ఆదివారాలు కలిసి రావడంతో నలుగురు మిత్రురాళ్లము చెన్నై బయలుదేరాము. పెరంబూరులో మా స్నేహితురాలి మేనమామగారి ఇల్లు ఉన్నందున బసకు చింత లేకపోయింది.

చెన్నై తెలుగువారికి పరాయి నగరం కాదు. 1639లో ఈస్టిండియా కంపెనీకి ఇక్కడ కోట కట్టుకొనుటకు అనుమతినిచ్చినవారు దామెర్ల నాయకులు. వారి తండ్రి చెన్నప్ప నాయకుని పేరనే చెన్నపట్నం వెలసిందని చెబుతారు. సెయింట్ జార్జి కోటలో 1680 నాటి సెయింట్ మేరీ చర్చిని చూసి, అక్కడి నుండి ఎగ్మూరు మ్యూజియానికి వెళ్లాము. అక్కడి అమరావతి శిల్పాల ఎదుట మేము గడిపిన గంట నిమిషంలా గడచిపోయింది. మన కృష్ణాతీరంలో చెక్కిన ఆ శిల్పాలను పొరుగు రాష్ట్రంలో చూడవలసి వచ్చినందుకు కొంత వెలితి, అవి అక్కడ భద్రంగా ఉన్నందుకు కొంత తృప్తి, రెండూ ఒక్కసారే కలిగాయి.

సాయంత్రం మెరీనా చేరుకున్నాము. వేయించిన వేరుసెనగలు కొనుక్కొని నీటి అంచు వరకు నడవడానికే చాలాసేపు పట్టింది. ఇంత విశాలమైన ఇసుకమేట ప్రకృతి ఒక్కటే ఇచ్చింది కాదు. ఈ తీరంలో ఏడాదిలో అధికభాగం అలలు ఇసుకను దక్షిణం నుండి ఉత్తరానికి మోసుకుపోతుంటాయి. 1870లలో మొదలుపెట్టి కట్టిన ఓడరేవు గోడలు ఆ ప్రవాహానికి అడ్డు నిలిచాయి. దక్షిణాన ఆగిన ఇసుక పేరుకొని మెరీనా అయింది. ఉత్తరాన రాయపురం, తిరువొత్తియూరు వైపు తీరానికి రావలసిన ఇసుక రాక, సముద్రం నేలను కోయసాగింది. ఆ కోతను ఆపడానికి అక్కడ బండరాళ్లు పేర్చవలసి వచ్చింది. పాఠ్యపుస్తకంలో రెండు గీతలుగా చూసిన బొమ్మ ఇక్కడ మా పాదాల క్రింద ఉన్నది.

ఆదివారం తెల్లవారుజామున గుమ్మిడిపూండి వైపు వెళ్లే లోకల్ రైలు ఎక్కి పొన్నేరిలో దిగాము. అక్కడి నుండి బస్సులో పళవేర్కాడు చేరాము. మనము పులికాట్ అని పిలిచే ఊరు ఇదే. బస్సు దిగగానే ఉప్పుగాలి, ఎండుచేపల వాసన మమ్మల్ని పలకరించాయి. వీధి అరుగుల మీద ముస్లిం స్త్రీలు తాటాకుతో బుట్టలు అల్లుతున్నారు.

ఒకప్పుడు ఈ పల్లె మహానౌకాశ్రయము. 1613లో డచ్చివారు ఇక్కడ గెల్డ్రియా కోట కట్టి, 1690 వరకు కోరమాండల్ తీరంలో తమ వ్యాపారానికి దీనినే ముఖ్యకేంద్రంగా ఉంచుకున్నారు. ఇక్కడి నుండి రంగుల వస్త్రాలు ఓడలెక్కాయి. బానిసలుగా అమ్ముడైన మనుషులు సైతం ఓడలెక్కి బతావియాకు తరలిపోయారు. కోట నేడు పొదలు మూసిన మట్టిదిబ్బ. డచ్చివారి శ్మశానం మాత్రం పురావస్తుశాఖ సంరక్షణలో ఉన్నది. దాని ద్వారానికి ఇరువైపులా చెక్కిన రెండు అస్థిపంజరాలు వచ్చినవారిని మౌనంగా హెచ్చరిస్తున్నట్లు ఉంటాయి. సమాధులలో పడుకున్నవారికి శిలాక్షరాలైనా మిగిలాయి, ఓడలలో పోయినవారికి అవీ లేవు.

ఊరి ప్రక్కనే సరస్సు. మన దేశంలోని ఉప్పునీటి సరస్సులలో చిలికా తరువాత ఇదే పెద్దది. ఇందులో ఎక్కువ భాగం మన తిరుపతి జిల్లాలోనే ఉన్నది. మనవారు దీనిని ప్రళయకావేరి అంటారు. ఆరణి, కాళంగి మొదలైన నదుల మంచినీరు, సముద్రపు ఉప్పునీరు ఇక్కడ కలుస్తాయి. రెండింటికీ మధ్య తలుపు వంటిది సరస్సు మొగ. వానకాలంలో వరద ఆ తలుపును తెరచి ఉంచుతుంది. ఎండకాలంలో నదులు సన్నబడగానే, ఉత్తరానికి నడిచే ఆ ఇసుకే వచ్చి మొగను పూడ్చివేస్తుంది.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన మా తెలుగు మాటలు విని పలకరించారు. వారిది సరస్సు ఉత్తరపు ఒడ్డున ఉన్న పల్లెట. "మొగ తెరిచుంటేనే మాకు కూడు పాపా. అది మూసుకుంటే రొయ్యపిల్ల లోనికి రాదు, మా పడవ బయటికి పోదు" అన్నారు. ఇక్కడ కొన్ని పల్లెలలో 'పాడు' అనే కట్టుబాటు ఉన్నది. ఏ రోజు ఏ తావున ఎవరు వల వేయాలన్నది వంతులవారీగా నిర్ణయమవుతుంది. మంచి తావు ఒక్కరి సొత్తు కాదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన దినాలు తలచుకొని పెద్దాయన కొంతసేపు మౌనం వహించారు.

తరువాత మా చదువు సంగతి అడిగి, "రాళ్ల గట్లు కడితే మొగ నిలుస్తుందంటుండారు. నిలిస్తే మంచిదే. అయితే ఆడ ఆగిన ఇసుక ఈడికి రాకపోతే పైన ఉండే పల్లెలు ఏం కావాల తల్లీ? ఇంజనీరు చదువుతుండావు గదా, చెప్పు" అన్నారు.

నలుగురిలో ఎవ్వరమూ బదులు చెప్పలేకపోయాము. మెరీనాకు ఇసుకనిచ్చి రాయపురానికి కోత మిగిల్చిన లెక్కే ఆయన ప్రశ్నలో ఉన్నది. గట్టు కట్టకపోతే సరస్సు మూసుకుపోతుంది, కడితే దాని ఉత్తరాన మరొకరి తీరం తరగవచ్చును. ఒడిసిన ఇసుకను దాటించి ఆవలి ఒడ్డున వేసే పద్ధతులు ఉన్నవి. కాని వాటికి ఏటేటా ధనము, శ్రద్ధ కావాలి. ఒకసారి కట్టి చేతులు దులుపుకొనే పని కాదిది. వంతులు వేసుకొని సరస్సును పంచుకొన్న ఆ జాలరుల న్యాయబుద్ధి మా వృత్తికీ అవసరమని నాకు తోచింది. చివరి సంవత్సరం ప్రాజెక్టుకు ఈ మొగనే ఎంచుకోవాలని మేము నలుగురము తిరుగు రైలులోనే నిశ్చయించుకున్నాము.

చూడదలచిన ఉద్యోగ సోదరులకు ఒక మాట. శీతకాలంలో వెళితే రాజహంసల గుంపులు కనువిందు చేస్తాయి. సూళ్లూరుపేట నుండి శ్రీహరికోట పోయే దారి కూడా ఈ సరస్సు మీదుగానే సాగుతుంది. పిల్లలను తప్పక తీసుకువెళ్లండి. పక్షులను చూపించండి, అలాగే ఒడ్డున వల అల్లుకొనేవారితో నాలుగు మాటలు మాట్లాడనివ్వండి.