డ్యూటీ దిగాక పాట

పొద్దున్న ఇంకా ఆరు కాలేదు. పెనం మీద నీళ్లు చిలకరిస్తూ చిన్నమ్మ ఏదో కూనిరాగం తీస్తోంది. కంటి ఆపరేషన్ కోసం రాయచోటి దగ్గరి మా పల్లె నుంచి హైదరాబాద్ వచ్చింది. ‘ఆపరేషన్ అయ్యేదాకా వంటింటి జోలికి రావద్దు’ అంటే వింటేనా! కువైట్‌లో పదకొండేళ్లు వంటమనిషిగా చేసిన ప్రాణం మరి!

“ఏం పాట చిన్నమ్మా అది? మన పాటలా లేదే!” అన్నాను.

“యాడ తెలుస్తాది పాపా! కువైట్లో పొద్దన్నే రేడియోలో వచ్చేది. మా మేడమ్ కాఫీ తాగతా వినేది. నేను పక్కనే నాస్తా చేస్తా వింటాంటి. పాడే ఆమె పేరు ఫైరూజ్ అని మాత్రం ఎరుక.”

మాటలు సరిగ్గా రావు. అర్థం అసలే తెలీదు. రాగం మాత్రం ఎక్కడా తప్పిపోలేదు. పదకొండేళ్లూ పొయ్యి దగ్గర నిలబడి, యజమానురాలికి వినిపించనంత మెల్లగా పాడుకుందట!

ఆ రోజు ఆఫీసు బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వెదికాను. దొరికింది. ఫైరూజ్ లెబనాన్ గాయని. అరబ్బు దేశాల్లో ఓ అలవాటుందట... పొద్దున్న ఫైరూజ్, రాత్రి ఈజిప్టు గాయని ఉమ్ కుల్సుమ్. మనకి సుప్రభాతంలాగా అక్కడ కోట్ల ఇళ్లలో ఆమె గొంతుతోనే తెల్లవారుతుంది.

పత్రికల వాళ్లకో జబ్బుంది. పాట నచ్చితే విని ఊరుకోం, దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ కావాలి. అలా చదువుతూ పోతుంటే ఓ చోట ఆగిపోయాను. ఫైరూజ్ అసలు పేరు నుహాద్ హద్దాద్. బేరూత్‌లోని జుకాక్ అల్ బ్లాత్ అనే పేటలో పెరిగింది. నాన్న ప్రింటింగ్ ప్రెస్సులో పనివాడు. ఇంట్లో రేడియో లేదు. వంటింట్లో పనిచేసుకుంటూ పక్కింటి రేడియోలో వచ్చే పాటలు వినేదని చెబుతారు. అచ్చం మా చిన్నమ్మలాగే!

సంగీత కళాశాలలో పాఠాలు చెప్పే ముహమ్మద్ ఫ్లేఫెల్ ఆ పిల్ల గొంతు గుర్తించాడు. తండ్రి వెంటనే ఒప్పుకోలేదు. తోడుగా తమ్ముణ్ని పంపే షరతు మీద ఒప్పుకున్నాడు. తర్వాత ఆమె చేరింది ఏ కచేరీ వేదికపైనో కాదు, బేరూత్ రేడియో స్టేషన్లో... బృందగానంలో ఒక గొంతుగా, నెల జీతానికి. అక్కడి సంగీత విభాగం అధిపతి హలీమ్ అల్ రూమీ ఆమెకి ఫైరూజ్ అని పేరు పెట్టాడు. మణి అని అర్థం. ఆసీ రహబానీ అనే కుర్రాడికి పరిచయం చేసిందీ ఆయనే.

ఈ ఆసీ, తమ్ముడు మన్సూర్... ఇద్దరి సంగతీ చదివి నోరు తెరిచాను. ఇద్దరూ పోలీసులు! ఆసీ అంతేలియాస్ ఊళ్లో మున్సిపల్ పోలీసు. మన్సూర్ బేరూత్ పోలీసు శాఖలో ఉద్యోగి. నాన్న నడిపిన చిన్న కాఫీ హోటల్ సంపాదన ఇంటికి చాలని రోజుల్లో చేరిన కొలువులవి. యూనిఫాం విప్పాక బాణీలు కట్టారు, నాటికలు రాశారు. పాట తిండి పెడుతుందన్న నమ్మకం కుదిరేదాకా కొన్నేళ్లు అలాగే గడిపారు. ఫైరూజ్, ఆసీ 1955లో పెళ్లి చేసుకున్నారు. 1957లో బాల్‌బెక్ ఉత్సవంలో, రోమన్ల నాటి గుడి స్తంభాల నడుమ, మొదటిసారి లెబనాన్ సొంత పాటలకి ఓ రాత్రి కేటాయిస్తే... ఆ రాత్రి ఈ ముగ్గురిదే అయింది.

ఇదంతా నన్నెందుకు కుదిపేసిందో చెప్పాలంటే, కాస్త నా గురించీ చెప్పుకోవాలి.

నేనూ పాట నేర్చుకున్నాను. ఎనిమిదేళ్లు. సరళీ స్వరాల నుంచి వర్ణాల దాకా. నాన్న తన బోనస్ డబ్బుతో శ్రుతిపెట్టె కొనిచ్చారు. మా టీచర్ ఆకాశవాణి ఆడిషన్ ఫారం కూడా తెచ్చిచ్చారు. అది నింపలేదు. జర్నలిజం డిప్లొమా చేశాను, ఉద్యోగం వచ్చింది. రాత్రి రెండింటికి ఇల్లు చేరే నైట్ షిఫ్టులు, తర్వాత ఆదివారం పేజీలు, పెళ్లి, పిల్ల. శ్రుతిపెట్టె అటకెక్కింది. ఎవరడిగినా ఒకటే జవాబు... “ఉద్యోగంలో పడ్డాక ఇంకెక్కడి పాట!”

నాన్న ఆరోగ్యం బాగా దెబ్బతిన్నాక ఓ సాయంత్రం “ఒక్క కీర్తన పాడవే” అన్నారు. నా చేతిలో ఫోను. అవతల పేజీలు పెట్టేవాళ్లు ఫొటో క్యాప్షన్ కోసం ఎదురుచూస్తున్నారు. “రేపు పాడతా నాన్నా” అన్నాను. ఆయన మళ్లీ అడగలేదు. నేనూ పాడలేదు. మూడు వారాలకి ఆయనే లేరు.

ఇన్నాళ్లూ ఆ తప్పుని ఉద్యోగం మీదకి నెట్టేసి బతికాను. ఫైరూజ్ కొడుకు జియాద్ కథ చదివాక అదీ కుదర్లేదు. 1972లో ఆసీకి మెదడులో రక్తస్రావమై ఆసుపత్రి పాలయ్యాడు. మరుసటి ఏడాది ప్రదర్శించాల్సిన నాటకం ఉంది. అప్పుడు పదిహేడేళ్ల జియాద్ ఓ బాణీ కట్టాడు, బాబాయి మన్సూర్ మాటలు రాశాడు, వేదిక మీద ఫైరూజ్ పాడింది. పక్కన లేని మనిషి గురించి జనం అడుగుతున్నారని చెప్పుకునే పాట అది. ఇంటి పెద్ద మంచం పట్టిన రోజుల్లో ఆ ఇల్లు పాటని ‘రేపు’ అనలేదు!

జియాద్ జీవితం కూడా ఒకే దారిలో నడవలేదు. 1975లో అంతర్యుద్ధం మొదలయ్యాక రేడియోలో వ్యంగ్య కార్యక్రమాలు చేశాడు. నాటకాలు రాశాడు. పత్రికలో కాలమ్ రాశాడు. అంటే నాలాగే వారం వారం కాపీ ఇవ్వాల్సిన మనిషి! అవన్నీ చేస్తూనే అమ్మకి బాణీలిచ్చాడు. 2025 జులై 26న ఆయన పోయినప్పుడు, ఏళ్ల తరబడి బయట కనపడని ఫైరూజ్, తొంభైకి అటూ ఇటూ వయసులో నల్లబట్టలతో వచ్చి కొడుకు శవపేటిక దగ్గర మౌనంగా కూర్చుంది. ఆ ఫొటో మా డెస్క్‌లోనూ చూశాం. అప్పటికి ఆమె ఎవరో నాకు తెలీదు.

లెబనాన్‌లో పాటనే నమ్ముకుని బతకడం ఎప్పుడూ తేలిక కాదు. 2019 తర్వాత మరీ కష్టమైంది. అంతకుముందు డాలరుకి ఇంచుమించు 1,500 ఉన్న లీరా విలువ 2024 నాటికి 89,500కి పడిపోయింది. బ్యాంకుల్లో దాచుకున్న సొమ్ము చేతికి రాలేదు. అలాంటి చోట జీతమొచ్చే పనిని కళకి శత్రువని ఎవరంటారు? అంతకుముందూ అంతే. 2008లో బేరూత్ అమెరికన్ యూనివర్సిటీలో పుట్టి, 2022లో ముగిసిన ‘మష్రూ లైలా’ బ్యాండ్ కుర్రాళ్లు కూడా ఆర్కిటెక్చర్, డిజైన్ చదివినవాళ్లే.

ఉద్యోగం కాదు, నన్ను ఆపింది నా బింకమే. పాడితే పెద్ద గాయని కావాలి, లేదంటే అసలు పాడకూడదు అనుకున్నాను. సెలవు రోజుల్లోనైనా శ్రుతిపెట్టె దించలేదు కదా! నాన్న అడిగింది కచేరీ కాదు, ఒక్క కీర్తన. అయిదు నిమిషాలు పట్టేది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఫోనులో ఆ పాట పెట్టి చిన్నమ్మ చెవి దగ్గర ఉంచాను. ఆమె కళ్లు మూసుకుంది. “ఇదే పాపా! యాలకుల కాఫీ వాసన వచ్చినట్టుంది” అంది. తర్వాత మెల్లగా, “మా పాప బాగా పాడతాదని బావ ఫోన్ చేసినప్పుడల్లా చెప్తాండె. ఏదీ, ఒకటి పాడు” అంది.

ఈసారి రేపు అనడానికి నోరు రాలేదు. స్టూలు వేసుకుని అటక మీది శ్రుతిపెట్టె దించాను. మూత తీస్తే ముందు దుమ్ము వచ్చింది, తర్వాత శ్రుతి. కీర్తన అందుకుందామంటే గొంతు సహకరించలేదు. పై షడ్జమం దగ్గర పగిలిపోయింది. సిగ్గుపడుతూనే సరళీ స్వరాలు మొదలుపెట్టాను. తలుపు చాటు నుంచి మా అమ్మాయి వింతగా చూస్తోంది. వాళ్లమ్మకి పాట వచ్చని దానికి ఇప్పటిదాకా తెలీదు!

“బాగుందా చిన్నమ్మా?” అన్నాను.

“బాగలేదు పాపా” అంది ఏమాత్రం మొహమాటం లేకుండా. “రేపు పొద్దన్నే ఇంగోసారి పాడు. కొంచెం కుదురుతాదిలే.”

అలారం అయిదున్నరకి మార్చుకున్నాను. ఆఫీసు బస్సు ఎనిమిదింటికి కదా!